పంటు ఎక్కిన రైలు

2009 సెప్టెంబర్‌లో ఒక శనివారం తెల్లవారుజామున జర్మనీలోని జీగెన్ స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు మా ఇద్దరి దగ్గరా కలిపి ఉన్నవి రెండు వీపు బ్యాగులు, రెండు ఇంటర్‌రైల్ పాసులు, చిన్న సీసాలో ఆవకాయ, ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు. ఆవకాయ మా నరసాపురంది. సకినాలు హనుమకొండ నుంచి ఎవరో వస్తుంటే నా రూమ్మేట్ వాళ్ల అమ్మ పంపించినవి. ఇద్దరం అక్కడి యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నాం, వచ్చి ఏడాది కావస్తోంది, పార్ట్‌టైమ్ పని చేసి దాచుకున్న డబ్బులు కొద్దిగా ఉన్నాయి, సెమిస్టర్ సెలవులు ఇంకా మిగిలున్నాయి. అమ్మకి మాత్రం ఫోన్‌లో "కాలేజీ వాళ్లే తీసుకెళ్తున్నారమ్మా, ముప్పై మందిమి" అని చెప్పాను. ఆ అబద్ధం చాలా రోజులు నన్ను గుచ్చింది. భయపడుతుందని ఆడిన అబద్ధమే, కానీ దానివల్ల ఆ పది రోజుల్లో చూసినవేవీ అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పుకోలేకపోయాను.

ఇంటర్‌రైల్ గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. 1972లో 21 ఏళ్ల లోపు పిల్లలు యూరప్ తిరిగి చూడాలని 21 దేశాల రైల్వేలు కలిసి మొదలుపెట్టిన పాస్ అది. మన దేశం వాళ్లయినా సరే, యూరప్‌లో ఆరు నెలలుగా ఉంటుంటే అప్పట్లో కొనుక్కోనిచ్చేవాళ్లు. మా రోజుల్లో 26 లోపు వాళ్లకి, పది రోజుల్లో మనకి నచ్చిన అయిదు రోజులు రైళ్లలో తిరిగే పాస్ 159 యూరోలు. అయిదు రోజులకి అయిదు గళ్లుండేవి. రైలెక్కే ముందు ఆ రోజు తేదీ గడిలో మన చేత్తో మనమే రాసుకోవాలి, అదీ పెన్నుతో, కొట్టివేతలు ఉండకూడదు. ఒకసారి రాశామంటే ఆ రోజు అర్ధరాత్రి దాకా ఎన్ని రైళ్లెక్కి దిగినా మనిష్టం. ఒక్కటే మెలిక, మనం ఉంటున్న దేశంలో అది చెల్లేది కాదు. అందుకని జర్మనీ దాటేదాకా వేరే టికెట్ చూసుకోవాలి.

ఆ వేరే టికెట్టే వీకెండ్ టికెట్. ఆ రోజుల్లో జర్మనీలో చదువుకున్న తెలుగువాళ్ల దగ్గర ఈ మాట అని చూడండి, ముఖం వెలిగిపోతుంది. శనివారం గానీ ఆదివారం గానీ ఒకే టికెట్ మీద అయిదుగురం దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, కాకపోతే చిన్న రైళ్లలోనే. ఎక్స్‌ప్రెస్ బళ్లు ఎక్కకూడదు. ఎటైనా పోవాలంటే ముందు అయిదుగురు దొరకాలి, నలుగురైతే స్టేషన్‌లో నిలబడి అయిదో మనిషి కోసం వెతికేవాళ్లం. 2019లో ఆ టికెట్ ఎత్తేశారని తెలిసినప్పుడు సొంత ఊరి సినిమా హాలు పడగొట్టినంత బాధేసింది నాకు. ఆ శనివారం మేం అలాగే అయిదారు రైళ్లు మారి, రోజంతా ప్రయాణం చేసి, చీకటి పడ్డాక డ్రెస్డెన్‌లో దిగాం.

నేను జీవితంలో చూసిన మొదటి హాస్టల్ అక్కడిదే. మనకి హాస్టల్ అంటే వార్డెన్, స్టడీ అవర్స్, నీళ్ల పప్పు. అది వేరు, ఇది వేరు. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి, తల దగ్గర చిన్న లైటు, గోడకి ఇనుప లాకర్లు, తాళం మనదే వేసుకోవాలి. నేను అమ్మ ట్రంకుపెట్టెకి వేసి పంపిన ఇత్తడి తాళం తీసుకెళ్లాను. ఆడపిల్లల గదికి మనిషికి రెండు యూరోలు ఎక్కువ, ఆ రోజు అది కూడా నిండిపోయింది. అందరూ కలిసి ఉండే గదిలోనే రెండు పై మంచాలు మిగిలాయి. నాకు కాళ్లు చల్లబడ్డాయి. "ఏం గాదు, పా. పొద్దుగాల ఆరింటికే పోతం గదా" అంది మా హనుమకొండ పిల్ల, అని పది నిమిషాల్లో నిద్రపోయింది కూడా. నాకు నిద్ర పట్టలేదు. నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పడుకున్నట్టే బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుని, గదిలో ఎవరు కదిలినా ఉలిక్కిపడుతూ పడుకున్నాను. నా కింది మంచంలో అరవై ఏళ్ల పైబడిన ఒక జర్మన్ ఆవిడ, మరునాడు కొండల్లో నడవడానికి వచ్చిందట, బూట్లు మంచం కింద పెట్టుకుంటూ నా వంక చూసి మెల్లగా, నాకు అర్థమయ్యే జర్మన్‌లో, "పడుకో అమ్మాయ్, తలుపు పక్కన నేనున్నాను" అంది. ఆవిడ పేరు అడగలేదు. ఆ తర్వాత ఎన్ని హాస్టళ్లలో ఉన్నానో లెక్క లేదు, మళ్లీ ఎప్పుడూ బ్యాగు పట్టీ చేతికి చుట్టుకోలేదు.

మర్నాడు ప్రాగ్ రైల్లో ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండని ఎవరో చెప్పారు, వాళ్లకి వెయ్యి దండాలు. డ్రెస్డెన్ దాటిన కాసేపటికి ఎల్బె నది పక్కకి వచ్చేస్తుంది, ఇక చెక్ సరిహద్దు దాటినా వదలదు. నదికి అటు నిట్టనిలువు రాతి కొండలు, ఇటు రైలు. పాపికొండల దగ్గర లాంచీలో కూర్చున్నట్టే ఉంది. ఆ కొండల మధ్యలో ఎక్కడో మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చి, బోగీ అంతా వదిలేసి మా ఇద్దరి పాస్‌పోర్టులే అడిగి చూసి వెళ్లారు. మిగతావాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఆ అయిదు నిమిషాలూ గుండె దడదడలాడింది, తర్వాత కోపమొచ్చింది, ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ప్రాగ్ గురించి ఏమీ రాయను, అందంగా ఉంది, జనం ఎక్కువ.

బుడాపెస్ట్ గురించి మాత్రం ఎంతైనా రాయగలను. ప్రాగ్ నుంచి దాదాపు ఏడు గంటల ప్రయాణం. చివరికొచ్చేసరికి డాన్యూబ్ నది రైలు పక్కకి వస్తుంది, అవతలి గట్టు మీద ఎస్టెర్‌గోమ్ చర్చి గోపురం కనబడుతుంది, కాసేపటికి కొండ మీద విషెగ్రాద్ కోట. మా హాస్టల్ పేరుకే హాస్టల్, పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఒక పెద్ద వాటా. వీధి తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే నేను ఆగిపోయాను. మధ్యలో ఆకాశం కనబడే పెద్ద వాకిలి, చుట్టూ నాలుగు వైపులా అంతస్తు అంతస్తుకీ వరండాలు, అన్ని ఇళ్ల తలుపులూ ఆ వరండాలోకే. అచ్చం మా అమ్మమ్మ గారి మండువా లోగిలి, కాకపోతే నాలుగు అంతస్తులు పైకి లేపినట్టు! ఒక ముసలాయన రెండో అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఊళ్లో సెచేనీ స్నానాల వేడినీళ్లలో ముసలివాళ్లు మెడదాకా మునిగి చదరంగం ఆడటం కూడా చూశాను, బాగుంది, కానీ నాకు కళ్లలో నిలిచిపోయింది ఈ ఉల్లిపాయల ఆయనే.

ఆ హాస్టల్ వంటింట్లో ఒక అర ఉండేది. వెళ్లిపోయేవాళ్లు మిగిలిపోయిన సరుకులు అందులో పెట్టి పోతారు, ఎవరైనా వాడుకోవచ్చు. మిగతా అరల్లోవి, ఫ్రిజ్‌లోవి ముట్టుకోకూడదు, వాటిమీద పేరూ వెళ్లే తేదీ రాసి ఉంటాయి. రెండో రోజు రాత్రి ఆ అరలో అరకిలో పైచిలుకు బియ్యం, రెండు నిమ్మకాయలు, అడుగున కొంచెం నూనె ఉన్న సీసా కనబడ్డాయి. మావాళ్లందరికీ తెలుసు, మా రూమ్మేట్ ఎక్కడికెళ్లినా కెమెరా రీలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాల్లో పోపు సామాను వెంట పెట్టుకుంటుంది. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో మినప్పప్పూ శనగపప్పూ కలిపి, ఇంకోదాంట్లో పసుపు, ఎండుమిర్చి మాత్రం కాగితం పొట్లంలో. రోజూ బ్రెడ్డు, చీజు తిని తిని నాలుక మొద్దుబారిన వాళ్లకి ఇంక ఆలోచనేముంది. అన్నం వార్చి ఒక ట్రేలో ఆరబోశాం. నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, మిరపకాయలు వేసిందో లేదో ఆ ఘాటు వంటిల్లంతా పట్టేసి అందరూ దగ్గడం మొదలుపెట్టారు, అదే క్షణంలో పైన పొగ అలారం మోగింది. మాకు ప్రాణాలు పైకి పోయాయి. ఒక కొరియా కుర్రాడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారం కింద విసురుతున్నాడు, ఇంకెవరో కిటికీలు తీశారు, హాస్టల్ చూసుకునే అమ్మాయి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. మేమిద్దరం క్షమాపణలు చెప్పబోతుంటే ఆ అమ్మాయి గిన్నెలోకి తొంగిచూసి, "ఇది ఎంతమందికి సరిపోతుంది?" అని అడిగింది.

తొమ్మిది మందిమి తిన్నాం. పళ్లేలు చాలలేదు, ఇద్దరు టీ సాసర్లలో, ఒకడు గిన్నె మూతలో తిన్నారు. కొరియా కుర్రాడు తన దగ్గరున్న ఊరగాయ క్యాబేజీ తెచ్చాడు, మేం ఆవకాయ తీశాం, వాడు మా ముక్క కొరికి, మేం వాడి క్యాబేజీ తిని, ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మాట అవసరం లేకపోయింది, కారం తెలిసిన మనిషి కారం తెలిసిన మనిషిని గుర్తుపట్టేస్తాడు. అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక జంట సకినం పట్టుకుని ఆ చుట్లు ఎలా తిప్పారని అడిగితే, మా రూమ్మేట్ బియ్యప్పిండి లేకపోయినా గాల్లోనే బొటనవేలూ చూపుడువేలూ కలిపి తిప్పి చూపించింది. వాళ్లమ్మ సంక్రాంతికి గుడ్డ మీద కూర్చుని పోసేటప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో అలాగే తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒక్కసారి ఏడ్చేసింది. ఆ అర్జెంటీనా ఆవిడ ఏమీ అడగకుండా లేచి వెళ్లి దాని పక్కన కూర్చుంది. ఆ రాత్రి గిన్నెలన్నీ వాళ్లే కడిగారు.

వియన్నాలో ఒక్క రాత్రి ఉన్నాం. అక్కడి నుంచి వెనిస్‌కి రాత్రి బండి, దక్షిణం వైపు బళ్లు అప్పట్లో ఇంకా పాత జ్యూడ్‌బాన్‌హోఫ్ నుంచే బయల్దేరేవి, ఆ డిసెంబర్‌లో ఆ స్టేషన్ మూసి తర్వాత కొట్టేశారు. హాల్లో రెక్కలున్న రాతి సింహం ఒకటి ఉండేది, అది వెనిస్ ఊరి గుర్తు. రైలెక్కకముందే పోబోయే ఊరి సింహం కింద కూర్చుని బ్రెడ్డు తిన్నాం. టెన్షన్ పెట్టింది నాలుగో గడి. సాయంత్రం ఏడు తర్వాత ఎక్కే రాత్రి బండికి మర్నాటి తేదీ వేసుకోవాలని అప్పటి రూల్. చదివాం, తెలుసు, కానీ పెన్ను పట్టుకున్నాక చెయ్యి ఆడలేదు. తప్పు రాస్తే పాస్ పోయినట్టే, దిద్దడానికి లేదు. "రేపటిదే రాయాలె, నాకు తెలుసు" అని పాసులు రెండూ మా రూమ్మేటే తీసుకుని గుండ్రంగా రాసేసింది. రాత్రి అటెండెంట్ వచ్చి పాసులు తీసుకుని, తేదీ మీద వేలు పెట్టి చూసి తలూపేవరకు నేను ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. ఆరుగురు పడుకునే గది, పక్కకి మూడేసి బెర్తులు, మన స్లీపర్‌లాగే. తెల్లారాక కళ్లు తెరిస్తే రైలుకి రెండు పక్కలా నీళ్లే. వెనిస్‌లోకి రైలు నాలుగు కిలోమీటర్ల దాకా నీళ్ల మీద వంతెనపైనే పోతుంది. గోదావరి వంతెన మీద చిల్లర వేసేవాళ్లలా నేను జేబులో చెయ్యి పెట్టాను, కిటికీ తెరుచుకోలేదు.

మళ్లీ జీగెన్ వచ్చాక తెలిసిన విషయం ఒకటి చెప్పాలి. మేం హాగెన్ వైపు వెళ్లే రైలు ఆల్టెనా అనే చిన్న ఊరి మీదుగా పోయేది, కొండ మీద కోట కనబడేది, ఏడాదంతా చూస్తూనే ఉన్నాం. ప్రపంచంలో మొట్టమొదటి యూత్ హాస్టల్ ఆ కోటలోనే పెట్టారట, 1912లో! రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1909 ఆగస్టులో పిల్లల్ని తీసుకుని నడిచి వెళ్తుంటే గాలివాన వచ్చింది, దారిలో ఒక బడిలో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లలో నడిచివచ్చే పిల్లలకి పడక ఇస్తే ఎంత బాగుంటుందన్న ఆలోచన ఆయనకి ఆ రాత్రే వచ్చింది. ఒక ఆదివారం వెళ్లి చూశాం. ఆ గదుల్ని మ్యూజియంగా ఉంచారు, బరువైన చెక్క మంచాలు, మూడు అంతస్తులవి. నేను అందరూ చూస్తుండగానే వాటికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇక రెండో ప్రయాణం. 2010 ఏప్రిల్, డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్. హాంబుర్గ్‌లో ఎక్కింది నాలుగు పెట్టెల డీజిల్ రైలు. పుట్‌గార్డెన్ అనే చోట నేల అయిపోయింది, ఎదురుగా సముద్రం. రైలు మనిషి నడిచేంత వేగానికి తగ్గి, తెరిచిన నోరులా ఉన్న ఓడలోకి దూరింది. కిటికీకి అటు లారీలు, ఇటు కార్లు. అందరూ దిగి పైకి వెళ్లాలని అనౌన్స్ చేశారు. మెట్లెక్కి డెక్ మీదికి వెళ్తే చలిగాలి ముఖాన కొట్టింది, ఓడ కదిలింది, నాకు ఒక్కసారిగా నాన్న స్కూటర్ గుర్తొచ్చింది. నరసాపురం రేవులో స్కూటర్‌ని పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కించి, నన్ను ముందు నిలబెట్టుకుని, సఖినేటిపల్లిలో దిగి అంతర్వేది వెళ్లేవాళ్లం. పంటు మీద బస్సులు, ఎడ్లబండ్లు, ఒకసారి పెళ్లివాళ్ల బ్యాండు మేళం కూడా చూశాను. రైలుని మాత్రం చూడలేదు. మా ఓడ అవతలి ఒడ్డు చేరడానికి ముప్పావుగంట. కోపెన్‌హాగెన్‌లో దిగగానే కాలింగ్ కార్డు కొని ఫోన్ చేశాను.

"నాన్నా, మా రైలు పంటెక్కింది."

"రైలేంటమ్మా, పంటెక్కడమేంటి? సరిగ్గా చెప్పు."

ఎంత చెప్పినా నాన్నకి పట్టలేదు. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, బండి అన్నాక రోడ్డుండాలి, లేదా పట్టా ఉండాలి. "మరి సముద్రంలో పట్టాలెవరు వేశారు?" అన్నారు. ఓడ లోపలే పట్టాలున్నాయి నాన్నా అంటుండగానే కార్డులో డబ్బులైపోయాయి.

ఆ తిరుగు ప్రయాణం కూడా మర్చిపోలేను. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద కమ్మి విమానాలు ఆగిపోయిన వారం అది. ఏప్రిల్ 16, శుక్రవారం, కోపెన్‌హాగెన్ స్టేషన్ జాతరలా ఉంది. సూటు వేసుకున్నవాళ్లు పెట్టెల మీద కూర్చున్నారు, టికెట్ కౌంటర్ క్యూ బయటికి వచ్చేసింది. మాకు ముందే రిజర్వేషన్ ఉంది, ఒక ఇటలీ ముసలి దంపతులకి లేదు, రైల్లో నడవాలో నిలబడ్డారు. మా రెండు సీట్లు వాళ్లకిచ్చి మేం నడవాలోనే కింద కూర్చున్నాం. ఎదురుగా కూర్చున్నాయన టై విప్పి జేబులో పెట్టుకుని, మా చేతిలో సకినాల డబ్బా వంక చూసి నవ్వాడు. పెట్టాం. ఆ నడవాలో ఎవరెవరు ఎక్కడికి వెళ్లాలో హాంబుర్గ్ చేరేలోపు అందరికీ తెలుసు.

2014 జులైలో నాన్నా అమ్మా నా దగ్గరికి వచ్చారు. అప్పటికి నేను హాంబుర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ముందుగా అమ్మకి 2009 సంగతి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ తలుపు పక్కన పడుకున్నావిడ ఎవరో చల్లగా ఉండాలి" అంది. నాన్న నా పాత పాస్ అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ప్రతి గడీ చూశారు. "తేదీ ప్యాసింజరే రాసుకుంటాడా? రాయకపోతే?" అన్నారు. రాస్తారు నాన్నా అన్నాను. చాలాసేపు దాన్ని చేతిలోనే పెట్టుకున్నారు.

ఆ వారాంతంలో ఇద్దర్నీ ఆ రైలెక్కించాను. ఓడలోకి దూరాక అందరూ పైకి వెళ్తుంటే నాన్న మాత్రం దిగినచోటే నిలబడిపోయారు. చక్రాల దగ్గరికి వంగి, ఓడ నేలలో బిగించిన పట్టాలు చూసి, పెట్టె పక్కన అరచెయ్యి ఆనించారు. "ఏవండీ, మనం పైకెళ్తే రైలు వెళ్లిపోదు కదా" అని అమ్మ కంగారు. "ఓడ ఆగందే అదెక్కడికి పోతుందే" అన్నారు నాన్న, చెయ్యి తియ్యకుండానే.

2019 డిసెంబర్ నుంచి ఆ ఓడలు రైళ్లని ఎక్కించుకోవడం మానేశాయి. సముద్రం కింద సొరంగం కడుతున్నారు. 2014లో నాన్న తిరిగి నరసాపురం వెళ్లిన వారానికే సఖినేటిపల్లి పని మీద పంటెక్కి, అక్కడ టికెట్లు ఇచ్చే కుర్రాడికి ఇదంతా చెప్పారట, రెండు చేతులూ చాచి ఓడ ఎంతుంటుందో చూపించి మరీ. వాడు నమ్మలేదు. అమ్మ ఫోన్ చేసి, "మీ నాన్న రెండు రోజుల నుంచి ఒకటే గొడవే, ఆ ఫొటో ఏదో పంపించు" అంది. పట్టాలు బాగా కనబడేది ఒకటి చూసి, పెద్ద సైజులో ప్రింటు తీయించి పోస్టులో పంపించాను.